కార్ఖానా నక్ష మీద రెండు సంతకాలు

చాచా పోయారు. పోయిన శుక్రవారం పొద్దున పెర్కిట్ నుంచి ఆయన చిన్న కూతురు ఫోన్ చేసింది. "నమాజు చదువుకొని జరసేపు ఒరుగుతనన్నరు. చాయ్ తీస్కపోయేసరికి లేరు" అంది. ఆ అమ్మాయికీ ఇప్పుడు అరవై దగ్గర పడుతుంటాయి, నాకు మాత్రం అమ్మాయే. తను ఏడవలేదు. తొంభై దాటిన మనిషి, ఎవరికీ బరువు కాకుండా పోయారు, ఏడవడానికేముందని నేనూ అనుకున్నాను.

చాచా నాకు చుట్టం కారు, ఊరంతా పిలిచే పేరది. ఆర్మూరులో దుకాణాలు, గోదాములు, అడపాదడపా ఓ ఇల్లు కట్టే గుత్తేదారు. అరవై దశకం మొదట్లో నేను హైదరాబాదులో ఒక పెద్ద ఆర్కిటెక్టు దగ్గర చిన్న ఆర్కిటెక్టుగా చేరాను. చదువు అప్పుడే అయింది, మీసాలు అప్పుడే వచ్చాయి, పొగరు ఆ రెండింటికంటే ముందే వచ్చింది. ఆర్మూరు పసుపు వర్తకులు కలిసి ఒక పెద్ద షెడ్డు కట్టించుకుంటామని మా సారు దగ్గరికి వస్తే, ఆయన ఆ పని నాకప్పగించారు. అంతకుముందు ఒక ఇంటికి కిటికీలు తప్పు గోడలో గీశాను నేను. "ఇంకొకటి గిట్ల జరిగితే సంచి సర్దుకొని మీ ఊరు పోవాలె" అని చెప్పి మరీ పంపారు.

బస్సు దిగగానే పసుపు ఉడికిన వాసన. ఇప్పటికీ వంటింట్లో పసుపు డబ్బా మూత తీస్తే నేను కాసేపు ఆర్మూరులోనే ఉంటాను. మెరిసే బూట్లతో మార్కెట్టు దాకా నడిచేసరికి అవి పచ్చబడిపోయాయి. అక్కడ రాళ్ళ కుప్ప మీద కూర్చున్న ఒకాయన నా బూట్లు చూసి, నవ్వు ఆపుకొని, లేచి సలాం చేశారు. తెల్లటి పైజామా, నెత్తిన టోపీ, టోపీకీ చెవికీ మధ్య పెన్సిలు. చాచాను మొదటిసారి చూడడం అదే.

నేను గీసుకొచ్చిన నక్ష, అదే ప్లాను, ఇమ్మన్నారు. పసుపు బస్తా మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టారు. చాచాకు ఇంగ్లీషు రాదు, సంతకం ఉర్దూలో చేసేవారు. కానీ నక్ష చదవడంలో మా కాలేజీలో నాకు పాఠం చెప్పినవాళ్ళ కంటే నయం. ఒక మేకుతో గీత వెంబడే మెల్లగా పోతూ, తలుపు దగ్గర ఆగారు.

"సాబ్, పసుపు బండి చూసిండ్రా ఎన్నడన్న?"

చూడకేం, బండి బండే కదా అన్నాను. నన్ను తీసుకెళ్ళి, మెండోర నుంచి వచ్చి నిలబడ్డ ఒక బండి పక్కన నిలబెట్టారు. బస్తాల మీద బస్తాలు, వాటి మీద ఇంకో వరస, ఆ పైన తాళ్ళు, తాళ్ళ మీద కాళ్ళు చాపుకొని బండి తోలే మనిషి. టేపు నా చేతికిచ్చి, "మీరే కొల్వుండ్రి" అన్నారు. నేను గీసిన తలుపు ఆ తోలే మనిషి నడుము దాకా వచ్చింది. బండి లోపలికి పోతుంది, మనిషి బయట ఉండిపోతాడు.

నాలుక కరుచుకుని, రెండడుగులు పెంచుకోండి అన్నాను. చాచా తల అడ్డంగా ఊపారు. "కాయిదం మీద పెట్టుండ్రి సాబ్. నోటి మాట నాకు యాదుండది." ఆయనకు యాదుండకపోవడమేమిటి, ఎవరి గోదాముకు ఎన్ని గడపరాళ్ళు పట్టాయో పదేళ్ళ కిందటివి కూడా చెప్పేవారు. అయినా కాగితం మీద దిద్ది, పక్కన నా పేరు రాసి, తారీఖు వేసేదాకా మేస్త్రీని పార కూడా ముట్టనివ్వలేదు. నాకు ఒళ్ళు మండింది. ఈ పల్లెటూరి గుత్తేదారు నాకు పద్ధతులు నేర్పడమేమిటని హైదరాబాదు పోయి స్నేహితులకు చెప్పి నవ్వించాను కూడా.

పని మొదలయ్యాక నెలకు రెండుసార్లు వెళ్ళేవాణ్ణి. చాచా దగ్గర కొన్ని అలవాట్లుండేవి. పొద్దున్నే కట్టిన గోడ మీద అరచెయ్యి ఆనించి నడిచేవారు, పశువును నిమిరినట్టు. చాయ్ సాసరులో పోసుకుని తాగేవారు. ప్రభుత్వం కొత్తగా తెచ్చిన మీటర్లంటే మహా మంట, "మీటరు లారీకి పెట్టుకొమ్మనుండ్రి, గోడకు ఫీట్లే" అనేవారు. కూలీల ముందు నన్ను ఎన్నడూ తప్పు పట్టలేదు. ఏదైనా చెప్పాలంటే పక్కకు పిలిచి, "నక్షల లేదు గని సాబ్, మీ మనసుల ఉన్నదా?" అని అడిగేవారు. అంటే నేను మర్చిపోయానని అర్థం.

ఉత్తరం వైపు గోడకు పునాది తవ్వుతుంటే ఏనుగంత గుండు రాయి బయటపడింది. ఆర్మూరు మట్టి కింద ఎక్కడ తవ్వినా అంతే, గుట్ట పిల్లలు దాక్కుని ఉంటాయి. ఆ రోజు నేను అక్కడే ఉన్నాను.

"గిది పోయేటట్టు లేదు సాబ్. పగులగొట్టాల్నంటే పదిహేను దినాలు. గోడను జర అవుతలికి జరుపుతె రాయి పక్కకెల్లి పోతది. ఏం జేద్దాం?"

పదిహేను రోజులు లేవు. అంతకుముందు ఏడాది చెడగొట్టు వానకు మార్కెట్టులో ఆరబోసిన పసుపు తడిసి నల్లబడింది, ఆ ఏడు పంట వచ్చేసరికి షెడ్డు మీద రేకు పడాలని వర్తకులు పట్టుబట్టి ఉన్నారు. కొలిచి చూశాం. తొమ్మిదంగుళాలు జరిపితే చాలు. జరపండి అన్నాను.

"కాయిదం మీద?"

"నక్ష హైదరాబాదుల ఉన్నది చాచా. రేపు పోంగనే దిద్దుత."

ఆ ఒక్కసారి ఆయన ఒప్పుకున్నారు. బస్సుకు టైమవుతోందని నా మొహంలో కనిపించిందేమో. మర్నాడు ఆఫీసులో వేరే పని నెత్తిన పడింది. రేపన్న మాట ఆ తర్వాత నాకు ఎన్నడూ గుర్తు రాలేదు.

ఇక్కడ కొంచెం మా వృత్తి సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. మేము ఇచ్చే నక్ష కట్టడం ఎలా ఉండాలో చెబుతుంది. పైకప్పును మోసే ఇనుప చట్రాలను, మేస్త్రీలు కైంచీలంటారు, నిజామాబాదులో ఒక కార్ఖానా వాళ్ళు చేయాలి. ఇనుము కోసేముందు వాళ్ళు తమ నక్ష తాము గీస్తారు. ఏ ముక్క ఎంత పొడుగు, ఎక్కడ చిల్లు, ఎక్కడ బోల్టు అన్నీ అందులో ఉంటాయి. దాన్ని మొదట గుత్తేదారు చూడాలి. కట్టిన గోడను తన టేపుతో కొలిచి, సరిపోయిందని సంతకం పెట్టాలి. ఆ తర్వాత అది మా దగ్గరికొస్తుంది. మేము అనుకున్న కట్టడానికి అది సరిపడుతుందా అని చూసి ముద్ర వేయాలి. ఎవరి పని వాళ్ళది. ఒకరు చూశారని రెండోవాళ్ళు కళ్ళు మూసుకోవడానికి లేదు.

కార్ఖానా వాళ్ళు మా పాత నక్షను బట్టే, గోడకూ గోడకూ మధ్య నలభై అడుగులని గీశారు. చాచా ఆ వేళ వేరే ఇనుము కోసం నిజామాబాదు వెళ్ళి ఉన్నారు. కార్ఖానా యజమాని నక్ష ముందు పెట్టి, ఇప్పుడు సంతకం పెడితే ఈ పూటే ఇనుము కోయడం మొదలుపెడతానన్నాడట. పంట దగ్గరికొచ్చేసింది. చాచా నిలబడే సంతకం పెట్టేశారు. సాబ్ చూస్తడు గద అనుకున్నారు. నక్ష హైదరాబాదు వచ్చింది. కింద ఉర్దూ సంతకం చూశాను. చాచా చూశాక ఇంకేం ఉంటుందని ముద్ర గుద్దేశాను. నాకు ఆయన మీద అంత నమ్మకం, ఆయనకు నా మీద అంత నమ్మకం. ఇద్దరం కలిసి ఆ నక్షను ఎవ్వరూ చూడకుండా చేశాం.

లారీ వచ్చిన రోజు నేను ఆర్మూరులోనే ఉన్నాను. మొదటి కైంచీని తాళ్ళతో పైకి లేపారు. దక్షిణం గోడ మీద బోల్టుల్లో కూర్చుంది. ఉత్తరం గోడ మీద చివర మాత్రం గోడ అంచు పట్టుకుని వేలాడింది, బోల్టులు అవతల ఉండిపోయాయి. రెండోది లేపారు, అంతే. తక్కినవి లేపాల్సిన పని లేకపోయింది. ఎనిమిదీ ఒక్క కొలతవే. చాచా నిచ్చెన ఎక్కి, ఆ ఖాళీని జానతో కొలిచి దిగారు. గుండు రాయి సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. చాచా నా వైపు చూశారు.

సాయంత్రం వర్తకులకు పెద్దగా ఉండే ఆయన దుకాణంలో అందరూ కూర్చున్నారు. ఆ పెద్దాయన కార్ఖానా నక్ష మా ముందు పరిచి పెట్టారు.

"గీ కాయిదం మీద ఇద్దరి దస్కతులున్నయి. తప్పు ఎవలది?"

"నాది" అన్నారు చాచా. "టేపు నా చేతుల ఉండె. కొల్వకుంట దస్కతు పెట్టిన."

"మీరేమంటరు సాబ్?"

సర్దుకోవలసిన సంచి నా కళ్ళ ముందు ఆడింది. ఊళ్ళో నాన్న మొహం కనపడింది. "గోడ కొలతలు గుత్తేదారే చూసుకోవాల్సి ఉంటుంది" అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. మా వృత్తిలో ఎవరినడిగినా అదే చెబుతారు. అందుకే ఆ వాక్యం నన్ను ఇన్నేళ్ళు తినేసింది. అబద్ధమాడి ఉంటే ఎప్పుడో క్షమాపణ అడిగేసేవాణ్ణి.

చాచా గుండు రాయి పేరు ఎత్తలేదు. బయటికొచ్చాక, "ఇగ ఏం జేద్దాం, గది చెప్పుండ్రి" అన్నారు. ఉత్తరం గోడ లోపలి వైపు ప్రతి కైంచీ కింద ఒక రాతి స్తంభం కట్టి, దాని రాళ్ళను గోడలోకి పళ్ళలా దూర్చి కలిపితే చట్రం దాని మీద కూర్చుంటుందని చెప్పాను. "అయితె నక్ష గీసియ్యుండ్రి సాబ్. రేపు కాదు, గిప్పుడే." ఆ 'రేపు' అన్న మాట దగ్గర ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. అక్కడే, ఒక బస్తా మీద, వెలుతురు ఉండగానే గీసిచ్చాను. ఎనిమిది స్తంభాలు మూడు వారాల్లో లేచాయి. పసుపు బండ్లు వరస కట్టే రోజుకు సగం రేకు పడింది, తక్కిన సగం పంట మధ్యలో పడింది. నా ఉద్యోగానికి ఏమీ కాలేదు.

పోయింది చాచా పేరు. పక్కనే కట్టాల్సిన రెండో షెడ్డు ఆయనకే ఇస్తామన్నవాళ్ళు, దాన్ని నిజామాబాదు గుత్తేదారుకు ఇచ్చారు. ఆ తర్వాత నేను ఆర్మూరు వైపు పోవడం తగ్గించాను. ఎందుకని ఎవరూ అడగలేదు కాబట్టి జవాబు చెప్పుకునే అవసరమూ రాలేదు.

మూడేళ్ళు గడిచాక ఒకసారి జక్రాన్‌పల్లిలో పనుండి వెళ్ళి, బస్సు కోసం చాయ్ దుకాణంలో కూర్చున్నాను. పక్క బల్ల మీద ఎవరో తమ్ముడికి ఇల్లు కట్టించే సంగతి మాట్లాడుకుంటున్నారు. "ఆర్మూర్ల తొమ్మిదంగుళాల చాచా ఉన్నడు గద" అన్నాడొకడు. రెండోవాడు నవ్వి, "గాయనకిస్తె తలుపు ఒకదిక్కు, గోడ ఒకదిక్కు" అన్నాడు. ఇద్దరూ చాచాను చూసి ఉండరు. ఆ పేరు ఒక్కటే జక్రాన్‌పల్లి దాకా నడిచొచ్చింది.

హైదరాబాదు బస్సు వస్తే ఎక్కకుండా వదిలేసి, ఆర్మూరు పోయే బస్సెక్కాను. తిన్నగా వర్తకుల పెద్దాయన దుకాణానికి వెళ్ళి, ఆయన కూర్చోమనేలోగానే చెప్పేశాను. రాయి అడ్డమొస్తే గోడ జరపమన్నది నేను. నక్షలో దిద్దుతానని మాటిచ్చి మర్చిపోయింది నేను. కార్ఖానా వాళ్ళకు తప్పు కొలత పోయింది నా నక్ష నుంచే. చూడకుండా ముద్ర వేసిందీ నేనే. తప్పంతా నాదే. అక్కడ ఇంకో నలుగురైదుగురు వర్తకులున్నారు, వాళ్ళ ముందే చెప్పాను.

పెద్దాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "గీ మాట గప్పుడే చెప్తె ఏంబోతుండె సాబ్?" అని, చాచా కోసం మనిషిని పంపారు.

చాచా సైకిలు మీద వచ్చారు. గడ్డం కొంచెం నెరిసింది. నన్ను చూసి మొహం వెలిగింది. పెద్దాయన సంగతి చెబుతున్నకొద్దీ ఆ వెలుగు తగ్గుతూ వచ్చింది. "తప్పంత నాదే అంటున్నడు సాబ్. నీది లేదంట" అనేసరికి చాచా నా వైపు తిరిగారు. ఆయనకు కోపం రావడం నేను చూసింది అదొక్కసారే. 'సాబ్' పోయింది, 'మీరు' పోయింది.

"అంత నీదెట్లయితది బేటా? రాయి కాడ మర్చినవు, గది నీది. గోడ జరిపింది నా చేతులే, నాకు తెల్వదా? తెలిసి గూడ కొల్వకుంట నిలవడి దస్కతు పెట్టిన, గిది నాది. నాది నువ్వెందుకు తీస్కపోతవు? మూడేండ్లు మోసిన. ఉత్తగనే మోసిన్నా?"

ఆ సాయంత్రం ఆయన నన్ను కాపాడడానికి తప్పు మీద వేసుకున్నారని మూడేళ్ళుగా అనుకుంటున్నాను. కాదు. ఆయన తన వాటా తాను చెప్పారు, అంతే. నా వాటా నా కోసం వదిలిపెట్టారు.

"మరి రాయి సంగతి మీరు ఎందుకు చెప్పలే చాచా?"

"నీది నేనెట్ల చెప్త? నువ్వు చెప్తవని చూసిన. ఆలస్యం చేసినవు. చెప్పినవు. గంతే."

అని నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి బరువుకు నేను ఏడ్చాను, అంతమంది ముందు, సిగ్గు లేకుండా. పెద్దాయన "ఇగ గట్లయితె తొమ్మిదంగుళాలు చెరి నాలుగున్నర" అన్నారు. దుకాణమంతా నవ్వింది. ఆ తర్వాత చాలా రోజులు ఆర్మూరులో నేను నాలుగున్నర సాబ్‌నే. నన్ను అలా పిలిచిన ప్రతిసారీ నా నెత్తి మీది బరువు కొంత దిగేది. చాచాది కూడా దిగిందనే అనుకుంటాను, ఎందుకంటే తప్పు ఆయన ఒక్కరిదే కాదని జనానికి తెలిసింది, ఆయన దాన్ని దాచలేదనీ తెలిసింది. మరుసటి ఏడు మూడో షెడ్డు ఆయనకే ఇచ్చారు. నక్షలు నావి.

మా సారుకు కూడా వెళ్ళి చెప్పాను. ఆయన సంచి సర్దుకొమ్మనలేదు. "మూడేండ్ల కింద చెప్తె పంపించేటోణ్ణి" అన్నారు, అంతే.

ఆ తర్వాత నేను చాలా కట్టాను. ఎత్తయినవి కట్టాను, అద్దాలవి కట్టాను. ఇప్పటి పిల్లలు కంప్యూటరులో నక్ష పంపి, కంప్యూటరులోనే ఒప్పేసుకుంటారు. నన్ను పాఠం చెప్పమని పిలిచినప్పుడల్లా, ఒకరి సంతకం కనబడితే ఇంకోసారి కొలవండర్రా అని చెబుతాను. తాత మొదలెట్టాడని నవ్వుకుంటారు. నేను కూడా ఆ వయసులో నవ్విన వాణ్ణే, ఏమనగలను. మొన్న జనాజా వెంట పోయి మట్టి వేశాక, ఆయన కొడుకుల పక్కన నిలబడి ఉంటే, వీళ్ళకు తండ్రి పోయాడు, నాకేం పోయిందో ఏ పేరుతో చెప్పాలో తెలియలేదు. నన్ను మనిషిని చేసినాయన పోయారు. అంతకంటే సరైన మాట నాకు దొరకలేదు.

ఒక్కటి మాత్రం రోజూ కళ్ళకు కడుతోంది. మూడో షెడ్డుకు కైంచీలు గీయించే ముందు, గోడలు కొలిచిన రోజు. చెరో కాగితం పెట్టుకుందాం, టేపు చెరోసారి చదువుదాం, రాయడమయ్యాక కలిపి చూద్దాం అని చాచా పద్ధతి పెట్టారు. గాలి బాగా వీస్తోంది, మార్కెట్టంతా పసుపు దుమ్ము లేస్తోంది. టేపు మధ్యలో బట్టలారేసే తాడులా ఊగుతోంది. అవతలి గోడ మీద చాచా మోకాళ్ళ మీద కూర్చుని, టేపు కొసను బొటనవేలితో రాతికి అదిమి పట్టారు. టోపీ ఎగిరిపోయి కింద పడింది, చూసుకోలేదు.

"రాసిండ్రా సాబ్?"

గాలి తగ్గేదాకా టేపు మీద కొలత నేను చదవలేకపోయాను. తగ్గాక చదివి, వంగి రాసుకున్నాను. రాసి తల ఎత్తేసరికి ఆయన గడ్డమంతా పచ్చగా ఉంది, కళ్ళు నా పెన్సిలు మీదే ఉన్నాయి. "రాసిన చాచా" అనేదాకా ఆ బొటనవేలు తియ్యలేదు.